గోధుమరంగు గీత చెప్పేదెంత?

ఆయన కాకినాడలో ఏళ్ల తరబడి కేన్సర్‌ ఆపరేషన్లు చేస్తున్న సర్జన్‌. ఆమె ఆయన అక్క కూతురు, హైదరాబాద్‌లో పేథాలజిస్టు. సర్జన్లు తీసి పంపిన ముక్కల్ని పలచగా కోయించి, రంగులు వేయించి, మైక్రోస్కోపు కింద పెట్టి ఇది ఫలానా జబ్బు అని తేల్చే పని ఆమెది. కణం పైపొర మీదుండే ప్రొటీన్లను పట్టుకుంటే కేన్సర్‌ పెరగడం, పాకడం రెండూ చేతికి చిక్కుతాయని ఆమె నమ్మకం. ఆ మాటే జనాన్ని అసలు దారి నుంచి పక్కకు లాగుతోందని ఆయన అభిప్రాయం. ఎవరి వాదనా తీసిపారేయదగ్గది కాదు. అందుకే ఇద్దరి మాటలూ ఇక్కడ పెడుతున్నాను.

మేనమామ: మొన్న ఓపీలో ఒకామె. ఎడమ రొమ్ములో నాలుగు సెంటీమీటర్ల గడ్డ, చంకలో బిళ్లలు. చేతికి తగిలి ఎనిమిది నెలలైందట. కూడా వచ్చిన కొడుకు అడిగిన మొదటి ప్రశ్న, "హెర్‌-2 పాజిటివా, నెగెటివా డాక్టర్‌ గారూ" అని. ఎనిమిది నెలలు ఎందుకు ఊరుకున్నామన్నది ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మీ ప్రొటీన్ల ప్రచారం ఇక్కడిదాకా తెచ్చింది అమ్మాయ్‌.

మేనకోడలు: ఆ అబ్బాయి అడగాల్సిందే అడిగాడు మావయ్యా. ఆలస్యంగా అడిగాడు, అంతే.

మేనమామ: అంత గొప్ప ప్రశ్నా అది?

మేనకోడలు: కణం పొర మందం చూస్తే అయిదారు నానోమీటర్లు. కొవ్వు పొర. నీళ్లలో కరిగే సంకేతాలు చాలావరకు దాన్ని తమంతట తాము దాటి లోపలికి రాలేవు. బయట జరిగేది లోపలికి తెలియాలంటే ఆ పొరలో గుచ్చుకుని ఉన్న ప్రొటీన్‌ చెప్పాలి. దాన్నే రిసెప్టర్‌ అంటాం. తల బయట, తోక లోపల. గ్రోత్‌ ఫ్యాక్టర్‌ వచ్చి తలకు అతుక్కుంటే రెండు రిసెప్టర్లు జతకడతాయి, లోపలి తోకలు ఒకదానికొకటి ఫాస్ఫేట్‌ తగిలించుకుంటాయి, 'రెండుగా చీలు' అన్న కబురు న్యూక్లియస్‌ దాకా పోతుంది. ఆ గ్రోత్‌ ఫ్యాక్టర్లను వెలికితీసినందుకే స్టాన్లీ కోహెన్‌కీ, రీటా లెవీ మోంటాల్చినీకీ 1986లో నోబెల్‌ ఇచ్చారు. హెర్‌-2 ఆ రిసెప్టర్ల కుటుంబంలోదే. కాకపోతే దానికి అతుక్కునే ఫ్యాక్టర్‌ అంటూ ఏదీ ఇంతవరకూ దొరకలేదు. ఎప్పుడు చూసినా జతకట్టడానికి సిద్ధంగానే ఉంటుంది. మామూలు రొమ్ము కణం మీద ఇవి ఏ ఇరవై వేలో యాభై వేలో ఉంటాయి. జన్యువు కాపీలు పెరిగిపోయిన కణం మీద ఇరవై లక్షల దాకా చేరతాయి. అంత కిక్కిరిశాక ఒకదానికొకటి తగలక ఏం చేస్తాయి?

మేనమామ: ఎవరూ నొక్కకుండానే మోగే కాలింగ్‌ బెల్‌ అన్నమాట.

మేనకోడలు: అదే. ఆగకుండా మోగేది. 1987లో లాస్‌ ఏంజెలిస్‌లో డెన్నిస్‌ స్లామన్‌ బృందం 189 రొమ్ము గడ్డల్ని పరీక్షిస్తే, దాదాపు 30 శాతంలో ఆ జన్యువు కాపీలు పెరిగి కనిపించాయి. ఇప్పటి లెక్కల్లో 15 నుంచి 20 శాతం అంటున్నాం. అలాంటివాళ్లకే జబ్బు తొందరగా తిరగబెట్టింది, వాళ్లే తొందరగా పోయారు. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్‌కి అనుమతి వచ్చింది, ఆ ప్రొటీన్‌ తలకు అతుక్కునే యాంటీబాడీ. హెర్‌-2 ఉత్త గుర్తు మాత్రమే అయితే, దాన్ని మూసేస్తే జబ్బు ఎందుకు తగ్గుతుంది?

మేనమామ: ఎంత తగ్గిందేమిటి? 2001లో అచ్చయిన ఆ ట్రయల్‌ నేనూ చదివాను. 469 మంది. కీమో ఒక్కటే ఇస్తే మధ్యస్థ ఆయుర్దాయం 20.3 నెలలు, దీన్ని కలిపితే 25.1. అయిదు నెలలు! ఆంత్రాసైక్లిన్‌ రకం కీమోతో కలిపి ఇచ్చినచోట నూటికి 27 మందికి గుండె దెబ్బతింది.

మేనకోడలు: గుండె సంగతి నిజం. గుండె కండరం మీదా హెర్‌-2 ఉంటుంది, అక్కడ దానికి చేయాల్సిన పనీ ఉంటుంది. అందుకే ఇప్పుడు ఆ రెండు మందుల్నీ ఒకేసారి ఇవ్వకుండా చూస్తాం, మూడు నెలలకోసారి ఎకో తీస్తాం. ఆ అయిదు నెలలంటారా, అవి జబ్బు ఒళ్లంతా పాకినవాళ్లవి. 2005లో వచ్చిన ట్రయల్స్‌లో ఆపరేషన్‌ అయిపోయి, కంటికి ఏమీ మిగలనివాళ్లకి ఏడాదిపాటు ఇచ్చారు. తిరగబెట్టడం దాదాపు సగానికి పడిపోయింది. పదేళ్లు చూశాక బతికున్నవాళ్లు 75 శాతం నుంచి 84 శాతానికి పెరిగారని అమెరికా ట్రయల్స్‌లో తేలింది.

మేనమామ: చూశావా, ఆపరేషన్‌ అయిపోయినవాళ్లకి! గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికి, సర్జన్‌ శుభ్రంగా తీసేశాక మిగిలిన దుమ్మూ ధూళీ మీ మందు తుడిచింది. అసలు పని ముందే జరిగింది. నేను మొదట్నుంచీ అంటున్నదదేగా.

మేనకోడలు: ఇప్పుడా వరస కూడా మారింది మావయ్యా. మీ పేషెంటునే తీసుకోండి. నాలుగు సెంటీమీటర్లు, చంకలో బిళ్లలు అన్నారు. హెర్‌-2 పాజిటివ్‌ అయితే ముందు కత్తి పెట్టకూడదు. ముందు కీమో, దాంతోపాటు ట్రాస్టుజుమాబ్‌, స్తోమత ఉంటే పెర్టుజుమాబ్‌. ఈ రెండోది హెర్‌-2ని జతకట్టనివ్వదు. అప్పుడు ఆపరేషన్‌ చేసి చూస్తే చాలామందిలో ప్రాణమున్న కేన్సర్‌ కణం ఒక్కటీ ఉండదు. ఒకవేళ మిగిలితే టీ-డీఎం1 ఇవ్వొచ్చు, ట్రాస్టుజుమాబ్‌కే కణాల్ని చంపే మందు తగిలించి తయారుచేసింది. దాంతో తిరగబెట్టే ముప్పు మళ్లీ సగానికి తగ్గుతుందని 2018లో తేలింది. ముందే కోసేస్తే మందు ఆ మనిషి మీద పనిచేస్తుందో లేదో తెలిసే అవకాశమే పోతుంది.

మేనమామ: ఎనిమిది నెలలు ఆగినామెని ఇంకో అయిదు నెలలు ఆగమనాలా? ఊళ్లో ఏమంటారో తెలుసా, "డాక్టరు చేతులెత్తేశాడు" అంటారు. ఆ మందుల ఖర్చు సంగతి?

మేనకోడలు: మొదట్లో మనవాళ్లకి అందే ధర కాదు, ఒప్పుకుంటాను. 2014లో బయోకాన్‌ మన దేశంలోనే ట్రాస్టుజుమాబ్‌కి సాటివచ్చే బయోసిమిలర్‌ మందు తెచ్చాక కొంత దిగింది. 2015లో డబ్ల్యూహెచ్‌వో ట్రాస్టుజుమాబ్‌ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇప్పటికీ భారమే. భారమని పరీక్ష మానేయకూడదు కదా.

మేనమామ: ఆ పరీక్షనైనా నమ్మేదెలా? ఒకే ముక్క రెండు ల్యాబులకి పంపితే ఒకరు టూ ప్లస్‌ అంటారు, ఇంకొకరు త్రీ ప్లస్‌ అంటారు. గోధుమరంగు గీత చూసి మనిషి తలరాత తేల్చేస్తారా?

మేనకోడలు: ఆ గీత సంగతి చెప్తాను, వినండి. స్లైడ్‌ మీద యాంటీబాడీ అతుక్కున్నచోట గోధుమరంగు తేలుతుంది. త్రీ ప్లస్‌ అంటే పదిశాతానికి మించిన కణాల్లో, ఒక్కో కణం చుట్టూ ఎక్కడా తెగకుండా ముదురు గీత. చిన్న లెన్సులోనే కొట్టొచ్చినట్టు కనబడుతుంది, వలలా పరుచుకుని. వన్‌ ప్లస్‌ అయితే గీత లేతగా, తెగితెగి ఉంటుంది, పెద్ద లెన్సు వేసి వెతుక్కోవాలి. మధ్యలో టూ ప్లస్‌ వస్తే మేం తేల్చం, ఫిష్‌ పరీక్షకి పంపి జన్యువు కాపీలే లెక్కపెట్టిస్తాం. తేడాలు ఎక్కువగా వచ్చేది ఆ మధ్యలోనే. ఇంకో తేడా ఉంది, అది మా ల్యాబులో పుట్టదు.

మేనమామ: మరెక్కడ?

మేనకోడలు: మీ థియేటర్లో. కోసిన గంటలోపు ముక్క ఫార్మలిన్‌లో పడాలి. ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు మించకుండా నానాలి. రొమ్ములో కొవ్వు ఎక్కువ, చీరికలుగా కోసి ఉంచకపోతే ఫార్మలిన్‌ లోపలికి దిగదు. మాకొచ్చే డబ్బాలు చూస్తే మీకే బాధేస్తుంది. మొత్తం రొమ్ముని చిన్న డబ్బాలో కుక్కుతారు, అడుగున వేలెడు ఫార్మలిన్‌. ఎప్పుడు కోశారో, ఎప్పుడు వేశారో కాగితం మీద ఉండదు. శనివారం తీసింది మంగళవారం చేరుతుంది. పైన గట్టిపడి ఉంటుంది, మధ్యలో మెత్తగా, బూడిదరంగులోకి తిరిగి. ఆ మధ్య ముక్కలో ప్రొటీన్‌ చెడిపోయాక నేను నెగెటివ్‌ అని సంతకం పెడితే, ఆ మనిషికి అందాల్సిన మందు జన్మలో అందదు. ఆమెకి ఏం జరిగిందో ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఇక్కడ ఆయన కాసేపు మాట్లాడలేదు. వాదన మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఈ భాగమే. వేల కోట్లు ఖర్చుపెట్టి కనిపెట్టిన మందు ఒక రోగికి చేరుతుందా లేదా అన్నది డబ్బాలో ఎంత ఫార్మలిన్‌ పోశారన్న దాని మీద ఆధారపడుతోంది. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు. పెద్ద డబ్బా, చాలినంత ఫార్మలిన్‌, టైము రాసే ఒక మనిషి ఉంటే చాలు.

మేనమామ: సరే, ఆ తప్పు మావైపుది. డబ్బా మీద టైము రాయిస్తాను. ఇక పాకడం సంగతికి రా. రోగిని చంపేది రొమ్ములోని గడ్డ కాదు. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఎముకల్లో, మెదడులో మొలిచేవి. అక్కడ మీ ప్రొటీన్లు ఏం సాధించాయి?

మేనకోడలు: ఇ-క్యాధెరిన్‌తో మొదలుపెడతాను. పక్కపక్కనున్న కణాల్ని ఒకదానికొకటి కలిపి ఉంచే పైపొర ప్రొటీన్‌. న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో తరాల తరబడి చిన్న వయసులోనే కడుపు కేన్సర్‌తో చనిపోతూ వచ్చారు. ఆ కుటుంబమే శాస్త్రవేత్తల్ని పిలిచి కారణం వెతకమంది. ఒటాగో విశ్వవిద్యాలయంలో పారీ గిల్‌ఫర్డ్‌ బృందం 1998లో పట్టుకుంది: ఇ-క్యాధెరిన్‌ తయారుచేసే సీడీహెచ్‌1 జన్యువులో లోపం. ఆ ప్రొటీన్‌ లేకపోతే కేన్సర్‌ గడ్డకట్టదు, కణాలు ఒకటొకటిగా కడుపు గోడలోకి చొచ్చుకుపోతాయి. ఎండోస్కోపీకి కూడా చాలాసార్లు దొరకదు. అందుకే లోపం ఉన్నవాళ్లు జబ్బు రాకముందే కడుపు తీయించుకుంటున్నారు. రొమ్ములో లోబ్యులర్‌ రకమూ అంతే. స్లైడ్‌ మీద కణాలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి కనిపిస్తాయి, ఇ-క్యాధెరిన్‌ రంగు వేస్తే గీత రాదు. ఒక్క ప్రొటీన్‌ పోతే జబ్బు ఆకారమే మారిపోయింది మావయ్యా!

మేనమామ: దాన్నుంచి ఏం తేల్చావు? పట్టు వదిలితే పాకుతుందనేగా. మేమూ చదువుకునే రోజుల్లో అదే రాశాం. మరి 2019లో జాన్స్‌ హాప్కిన్స్‌లో ఆండ్రూ ఎవాల్డ్‌ బృందం ఏం చూపించింది? మామూలు డక్టల్‌ రకం రొమ్ము కేన్సర్‌ నమూనాల్లో ఇ-క్యాధెరిన్‌ తీసేస్తే కణాలు పక్కకి చొచ్చుకుపోవడం పెరిగింది. నిజమే. కానీ దూరపు అవయవాల్లో మొలవడం తగ్గిపోయింది. ఆ ప్రొటీన్‌ లేని కణాలు దారిలోనే చచ్చాయి. ఒక రకంలో ఊడితే ప్రమాదం, ఇంకో రకంలో ఉంటే ప్రమాదం. ఇలాంటిదాన్ని నమ్ముకుని మందు ఎలా చేస్తావు?

మేనకోడలు: చేయలేం. ఇ-క్యాధెరిన్‌ మీద మందు చేద్దామని నేననడం లేదు. ఏ కణంలో, జబ్బు ఏ దశలో అన్నది తెలియకుండా ఏ ప్రొటీన్‌నీ మంచిదనీ చెడ్డదనీ అనలేం. ఆ పనిలో మీకన్నా నేను ఒక అడుగు ముందే ఆగుతాను. కానీ ఎక్కడికి పాకుతుందన్న దాంట్లో పైపొర పాత్ర కాదనలేరు. 1889లో స్టీఫెన్‌ పేజెట్‌ లండన్‌లో 735 మంది రొమ్ము కేన్సర్‌ రోగుల శవపరీక్షల రికార్డులు తిరగేశాడు. కాలేయంలో 241 మందికి, ప్లీహంలో 17 మందికి. రక్తం రెండిటికీ పోతుంది. రక్తం మోసుకెళ్లడం ఒక్కటే కారణమైతే అంత తేడా రాదన్నాడు. విత్తనానికి తగిన నేల కావాలన్న మాట అక్కడిదే. 2001లో దానికొక సమాధానం దొరికింది: రొమ్ము కేన్సర్‌ కణాల మీద సీఎక్స్‌సీఆర్‌4 అనే రిసెప్టర్‌ ఎక్కువ, దాన్ని పిలిచే సీఎక్స్‌సీఎల్‌12 ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఎముక మజ్జలో ఎక్కువ. 2015లో డేవిడ్‌ లైడెన్‌ బృందం ఇంకొంచెం ముందుకెళ్లింది. గడ్డ నుంచి రాలే అతిచిన్న బుడగల మీద ఇంటిగ్రిన్‌ అనే పైపొర ప్రొటీన్లలో ఏది ఉందో చూసి, అవి ఊపిరితిత్తుల్లో దిగుతాయో కాలేయంలో దిగుతాయో చెప్పగలిగారు.

మేనమామ: చెప్పగలగడం వేరు, ఆపగలగడం వేరు. ఇంటిగ్రిన్‌ని మూసే సిలెంజిటైడ్‌ మెదడు కేన్సర్‌ మీద ఏమైంది? 2014లో పెద్ద ట్రయల్‌, ఫలితం సున్నా. తర్వాత సీడీ47 అన్నారు. రోగనిరోధక కణాలకి 'నన్ను తినకు' అని చెప్పే ప్రొటీన్‌, దాన్ని మూస్తే రక్త కేన్సర్లు లొంగుతాయన్నారు. మేగ్రోలిమాబ్‌ ట్రయల్స్‌ 2024కల్లా ఆపేశారు. ఆ ప్రొటీన్‌ ఎర్రరక్తకణాల మీదా ఉండె! కేన్సర్‌ ఒంటికి కొత్తగా తెచ్చుకున్నదేమీ లేదు. మన కణాలకున్నవే దానికీ ఉన్నాయి. అందుకే దానికి తగిలే దెబ్బ మనకీ తగులుతుంది.

మేనకోడలు: తగులుతుంది.

మేనమామ: ఇంకా ఉంది. మా ఉత్తరాంధ్ర పక్క నుంచి వచ్చే ముసలమ్మల్ని నువ్వు చూశావో లేదో. అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అంగిలి ముందు తెల్లబడుతుంది, తర్వాత అక్కడక్కడా ఎర్రబడుతుంది, చివరికి పుండు. ఇప్పుడు కుర్రాళ్లకి గుట్కాతో బుగ్గల్లో వస్తోంది. తల, మెడ కేన్సర్లలో నూటికి ఎనభై తొంభై గడ్డల మీద ఈజీఎఫ్‌ఆర్‌ అనే రిసెప్టర్‌ ఎక్కువగా ఉంటుందని మీరే రాస్తారు. దాన్ని మూసే సెటుక్సిమాబ్‌ ఒక్కటే ఇస్తే తగ్గేది నూటికి పదమూడు మందికి. తొంభై చోట్ల ఉన్నది పదమూడు చోట్లే ఎందుకు పనిచేసింది?

మేనకోడలు: ఉన్నంత మాత్రాన కణం దాని మీదే బతుకుతోందని కాదు గనక. ఇది మాత్రం మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, మా రంగంలోనూ అందరూ గుర్తుపెట్టుకోరు. హెర్‌-2 కాపీలు పెరిగిన కణం దాని మీదే బతుకుతుంది, మూస్తే చస్తుంది. నోటి కేన్సర్‌ కణానికి ఈజీఎఫ్‌ఆర్‌ ఉన్న నాలుగు దారుల్లో ఒకటి. గీత ఎంత ముదురుగా ఉన్నా ఆ తేడా స్లైడ్‌ మీద కనపడదు. మందు ఇచ్చి చూస్తేనే తెలుస్తుంది.

మేనమామ: మరి పాత కీమోయే నయం కదా. ఏ ప్రొటీన్‌ ఉందో లేదో చూడకుండానే పనిచేస్తుంది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లేలో నడిపిన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ ఇప్పటికీ వాడుతున్నాం. ఏ గీతా అక్కర్లేదు దానికి.

మేనకోడలు: మెథోట్రెక్సేట్‌ కణం లోపలికి ఎలా పోతుందనుకున్నారు? ఫోలేట్‌ని మోసే ప్రొటీన్‌ ఒకటి పైపొరలోనే ఉంది, దాని గుండా పోతుంది. కణం ఆ ప్రొటీన్‌ తగ్గించేసుకుందంటే మందు బయటే ఉండిపోతుంది. ఇంకోటి ఉంది, 1976లో దొరికిన పీ-గ్లైకోప్రొటీన్‌. పాక్లిటాక్సెల్‌నీ, డాక్సోరూబిసిన్‌నీ, విన్‌క్రిస్టిన్‌నీ లోపలికి వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. కీమో పనిచేయలేదని మీరు కేస్‌షీట్‌లో రాసినప్పుడు, కొన్నిసార్లు ఆ పని చేసింది పైపొరే.

మేనమామ: అది నాకు తెలియని సంగతి కాదులే. ఇలా ఎదురొస్తుందనుకోలేదు. సరే, నోటి కేన్సర్‌ తిరగబెట్టి, ఆపరేషన్‌కీ రేడియేషన్‌కీ లొంగని స్థితిలో నా దగ్గరికి వచ్చినవాడికి ఇవాళ నువ్వేమిస్తావు? అది చెప్పు.

మేనకోడలు: ముంబైలో టాటా మెమోరియల్‌ వాళ్లు సరిగ్గా ఆ రోగుల మీదే చేశారు. 151 మంది. వారానికోసారి తక్కువ డోసులో మీ మెథోట్రెక్సేట్‌, రోజూ సెలికాక్సిబ్‌, రోజూ ఎర్లోటినిబ్‌. ఈ చివరిది మీరు తిట్టిన ఈజీఎఫ్‌ఆర్‌కి లోపలి తోకను మూసే మాత్ర. అన్నీ నోటితో వేసుకునేవే. సగం మందికి దాంతోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ ఇచ్చారు. మామూలుగా ఇచ్చేది రెండు వారాలకి 240 మిల్లీగ్రాములు.

మేనమామ: పన్నెండో వంతా!

మేనకోడలు: పన్నెండో వంతే, అదీ ఇంకా దూరదూరంగా. కేన్సర్‌ కణం మీది పీడీ-ఎల్‌1 మన రోగనిరోధక టీ-కణం మీది పీడీ-1ని తాకి దాన్ని పడుకోబెడుతుంది. నివోలుమాబ్‌ ఆ పీడీ-1ని కప్పేసి తాకనివ్వదు. పీడీ-1ని 1992లో బయటపెట్టిన తసుకు హోంజోకి 2018లో నోబెల్‌ వచ్చింది. కప్పడానికి మనం ఇస్తున్నంత మందు అక్కర్లేదని ముందు నుంచే కొందరికి అనుమానం. ఏడాది తర్వాత చూస్తే మాత్రలు ఒక్కటే వేసుకున్నవాళ్లలో 16.3 శాతం బతికున్నారు, నివోలుమాబ్‌ కలిపినవాళ్లలో 43.4 శాతం. పూర్తి డోసు కొనలేనివాళ్లకి కూడా అందేలా చేసిన వైద్యం ఇది, మన దేశంలో, మన రోగుల మీద.

మేనమామ: నూటికి మిగతా 57 మందీ ఏడాది తిరక్కుండా పోయారు తల్లీ. ఆ ముసలమ్మ అంగిలి తెల్లబడ్డప్పుడే ఒక ఏఎన్‌ఎమ్‌ టార్చి వేసి చూసి ఉంటే ఈ మందులేవీ అక్కర్లేకపోయేవి. నేను చచ్చేదాకా ఇదే అంటాను.

మేనకోడలు: అనండి. టార్చి వేయడానికి నేనెప్పుడు అడ్డుపడ్డాను? కానీ టార్చికి దొరకనివాళ్లు రేపు కూడా మీ ఓపీకి వస్తారు.

మేనమామ: వస్తారు. ఇరవై మిల్లీగ్రాముల సంగతి మా ఆంకాలజిస్టుతో మాట్లాడతాను. ఒక సీసా ఇద్దరు ముగ్గురికి పంచాలంటే ఒకే రోజు రప్పించాలి, బస్సు చార్జీలు చూడాలి, అది నేను చూసుకుంటాను. నా దగ్గర అడ్డపొగ అంగిలి కేసుల ముక్కలు దాచిన మైనం బ్లాకులు బీరువా నిండా ఉన్నాయి. పీడీ-ఎల్‌1 రంగు వేసి చూస్తావా?

మేనకోడలు: పంపండి. ఏ సంవత్సరానివి?

మేనమామ: చాలా పాతవి కూడా ఉన్నాయి. ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారో మాత్రం అడగకు.

మేనకోడలు: అడుగుతాను మావయ్యా. తెలియని వాటిలో గీత రాకపోతే వాటిని నెగెటివ్‌ లెక్కలో వేయను.